సూడి పిల్లికి ఫ్లీలు పడితే: మందు ఒంటి మీద కొంచెం, పని ఇంట్లో ఎక్కువ

జూన్‌లో వానలు దిగి రెండు వారాలు కాగానే వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల పశువుల దవాఖానల్లో తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది. "పిల్లి సూడిది. ఒళ్లంతా పేలు పట్టినయ్. ఏం రాయాలె సార్?" అడిగేవాళ్లకు కావాల్సింది ఒక మందు పేరు. ఆ పేరు కింద చెబుతున్నాం. కానీ పేరొక్కటే తెలుసుకుని వెళ్లినవాళ్లు పది రోజుల్లో తిరిగి వస్తారు, మందు పనిచేయలేదంటూ. అది పనిచేసే ఉంటుంది. కాకపోతే మందు పనిచేసింది పిల్లి ఒంటి మీద, పురుగు పుడుతున్నది మంచం కింద.

మామూలు పిల్లికైతే ఈ తేడా తెలియకపోతే డబ్బు దండుగ, అంతే. సూడి పిల్లికి అలా కాదు. పురుగు కనపడినప్పుడల్లా ఇంకోసారి, ఇంకో రకం మందు రాస్తూ పోతే అదంతా తల్లి ఒంట్లోకీ, కొంత కడుపులోని పిల్లల్లోకీ చేరుతుంది. అందుకని ఇక్కడ లెక్క తిరగేసుకోవాలి: ఒంటి మీద పరీక్షకు నిలిచిన ఒకే ఒక మందు, సరైన తూకానికి, నెలకోసారి. మిగతా యుద్ధమంతా చీపురుతో, వేడినీళ్లతో, ఎండతో.

ముందు ఆ పురుగేదో చూడాలి

పేలు అని మనం ఒకే మాటతో పిలిచేవి మూడు రకాలు. పిడుదు చర్మానికి కరుచుకుని కదలకుండా ఉంటుంది, రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బుతుంది. అసలు పేను వెంట్రుకను పట్టుకుని నెమ్మదిగా పాకుతుంది, దాని గుడ్లు వెంట్రుకకే అతుక్కుని ఉంటాయి. మూడోది దూకే పురుగు. డాక్టర్లు ఫ్లీ అంటారు, ఇక్కడ మనమూ అదే అందాం. ముదురు గోధుమ రంగు, 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పొడవు, రెండు పక్కల నుంచి నొక్కినట్టు చపటగా ఉంటుంది. వేలితో పట్టబోతే జారిపోయి ఎగిరి దూకుతుంది. ఇంట్లో మనుషులకు చీలమండల దగ్గర వరసగా దద్దుర్లు లేస్తున్నాయంటే అదీ దీని పనే కావచ్చు.

పురుగు కనపడకపోయినా పట్టేయొచ్చు. తెల్ల గుడ్డ తడిపి నేల మీద పరిచి, పిల్లిని దాని మీద నిలబెట్టి, తోక మొదలు దగ్గర, మెడ వెనక పేల దువ్వెనతో దువ్వండి. నల్లటి పొడి రాలుతుంది. మామూలు మట్టైతే నల్లగానే ఉంటుంది. రెండు నిమిషాల్లో ఆ చుక్క చుట్టూ తుప్పు రంగు ఎరుపు పాకితే అది ఫ్లీ రెట్ట, అంటే అరిగిన రక్తం.

మూడింటినీ ఎందుకు వేరు చేయాలంటే, ఒకదాన్ని చంపే మందు ఇంకోదాన్ని చంపాలని లేదు. మందు ఎంచుకునే దగ్గర ఇది మళ్లీ వస్తుంది.

నూటికి అయిదు

ఫ్లీల గురించి ఒక్క అంకె గుర్తుంచుకోవాలంటే ఇదే. ఒక ఇంట్లో ఫ్లీ సంతతి మొత్తం 100 అనుకుంటే, పెద్దవై పిల్లి మీద తిరిగేవి దాదాపు 5. మిగతా 95లో సుమారు 50 గుడ్లు, 35 పురుగు పిల్లలు, 10 గూళ్లలో దాక్కున్నవి. ఈ 95 ఇంట్లో ఉంటాయి, పిల్లి మీద కాదు.

ఆడ ఫ్లీ పిల్లి మీదికి ఎక్కిన కొద్ది నిమిషాల్లో కుడుతుంది, ఒకటిన్నర రోజులోపే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. మంచి ఊపు మీదుంటే రోజుకు 40 నుంచి 50. ఆ గుడ్లు గసగసాల్లా నున్నగా ఉంటాయి, వెంట్రుకలకు అతుక్కోవు. పిల్లి ఒళ్లు విరుచుకున్నా, దూకినా, గోక్కున్నా జలజలా రాలతాయి. అంటే పిల్లి ఎక్కడ ఎక్కువ సేపు పడుకుంటే గుడ్లు అక్కడ ఎక్కువ. సూడి నిండే కొద్దీ పిల్లి తిరగడం తగ్గించి ఒకే మూల పడుకుంటుంది. పిల్లలు పెట్టేదీ చాలాసార్లు ఆ మూలే. కూనలు కళ్లు తెరవకముందే ఆ పక్కలో పురుగు సిద్ధంగా ఉండటానికి కారణం ఇదే.

గుడ్డు నుంచి వచ్చిన పురుగు పిల్ల రక్తం తాగదు. పెద్ద ఫ్లీల రెట్ట తిని బతుకుతుంది. వెలుతురంటే దానికి గిట్టదు, సందుల్లోకి, దారాల అడుగుకి పోతుంది. దానికి చావు రెండు రకాలుగా వస్తుంది: గాల్లో తేమ 50 శాతం కన్నా తగ్గితే, వేడి 35 డిగ్రీలు దాటితే. మే నెలలో ఓరుగల్లు ఎండ 42, 43కి పోతుంది కదా, మరి ఎండాకాలంలో కూడా ఎలా మిగులుతున్నాయి? కూలర్ వల్ల. బయట మాడిపోయే పురుగుకు, నీళ్ల కూలర్ తిరిగే గదిలో దివాన్ కింద, బీరువా వెనక కావలసినంత తేమా చల్లదనమూ దొరుకుతాయి. పిల్లి కూడా ఎండాకాలమంతా కూలర్ పక్కనే పడుకుంటుంది. ఇక వానాకాలం మొదలైతే ఇల్లంతా దానికి అనువే.

పురుగు పిల్ల చివరికి గూడు అల్లుకుంటుంది. ఆ గూడు జిగురుగా ఉండి దుమ్ము పట్టుకుని, ఇసుక రేణువులా కనపడుతుంది. దానిలోకి మందు పోదు. చీపురుకూ తేలిగ్గా ఊడిరాదు. లోపలి ఫ్లీ రెండు వారాల్లో బయటికి రావచ్చు, అనువు లేకపోతే నెలల తరబడి ఆగనూ వచ్చు. నేల అదిరినా, ఒంటి వేడి తగిలినా, ఊపిరి గాలి సోకినా బయటికి దూకుతుంది. ఊరెళ్లి నెల తర్వాత తాళం తీసి అడుగు పెట్టగానే కాళ్లకు చుట్టుకునేవి ఇవే.

ఊళ్లలో ఇంకో రెండు చోట్లు చూసుకోవాలి. ఒకటి మేకల కొట్టం. అక్కడి పొడి పెంట, మట్టి ఫ్లీలకు బాగా పనికొస్తాయి, పిల్లి అక్కడ పడుకుని ఇంటికి మోసుకొస్తుంది. రెండోది పత్తి పోసిన గది. పత్తి తీసి ధర కోసం ఇంట్లో నిల్వ పెట్టినప్పుడు, సూడి పిల్లికి ఆ కుప్ప కన్నా మెత్తటి చోటు దొరకదు. అక్కడ ఈనిందంటే పక్క ఉతికేదీ ఉండదు, ఎండలో వేసేదీ ఉండదు. ఆ గది తలుపు మూసి ఉంచడం ఒక్కటే దారి.

సూడితో వచ్చే చిక్కు

పిల్లికి సూడి 63 నుంచి 67 రోజులు. మొదటి నాలుగు వారాల్లోనే పిల్లల అవయవాలు ఏర్పడతాయి, మందుల వల్ల చెడు జరిగే అవకాశం ఎక్కువ ఉండేదీ అప్పుడే. కానీ ఆ నాలుగు వారాల్లో పిల్లి సూడిదని చాలామందికి తెలియదు. చనుమొనలు 15 నుంచి 18 రోజుల మధ్య గులాబీ రంగుకు తిరిగి కొంచెం ఉబ్బుతాయి. పొట్ట తెలిసేది అయిదో వారానికి. డాక్టర్ చేత్తో తడిమి 3, 4 వారాల మధ్య చెప్పగలరు. ఇంట్లో పొట్ట నొక్కి చూడకండి. ఎదకు వచ్చి బయట తిరిగిన ఆడపిల్లికి మందు వేయాల్సి వస్తే సూడిదే అనుకుని మందు ఎంచుకోవడం మేలు.

రెండో చిక్కు పిల్లి కాలేయం. కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే ఏర్పాటు మనిషికీ కుక్కకీ ఉన్నట్టు పిల్లికి లేదు. కుక్కకు ఏమీ కాని పెర్మెత్రిన్ పిల్లికి వణుకు, ఫిట్స్ తెప్పించి ప్రాణం తీస్తుంది. మూడోది నాలుక. పిల్లి ఒంటికి రాసింది ఏదైనా చివరికి దాని కడుపులోకే పోతుంది. పొట్ట మీద రాస్తే రేపు కూనల నోట్లోకి పోతుంది.

అలాగని మందు మానేసి ఊరుకోవడం క్షేమమేమీ కాదు. 72 ఆడ ఫ్లీలు కలిసి రోజుకు దాదాపు 1 మిల్లీలీటరు రక్తం తాగుతాయి. పెద్ద పిల్లి కొన్నాళ్లు తట్టుకుంటుంది. అప్పుడే పుట్టిన కూన 100 గ్రాములుంటుంది, దాని ఒంట్లో మొత్తం రక్తం 6 మిల్లీలీటర్ల చుట్టూ ఉంటుంది. దాని మీద పాతిక ఫ్లీలున్నా చాలు. పుట్టిన కూనలు ఒకటొకటిగా చనిపోతుంటే పాలు సరిపోలేదనో దిష్టి తగిలిందనో అనుకుంటారు గానీ, చిగుళ్లు పాలిపోయి ఉంటే ముందు అనుమానించాల్సింది ఫ్లీలనే.

ఏ మందు

షాపులో బ్రాండ్ పేరు కాదు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవాలి.

సెలమెక్టిన్. మెడ వెనక చుక్కగా వేసేది. సూడి పిల్లులకూ, పాలిచ్చే పిల్లులకూ వాడొచ్చని లేబుల్ మీదే ఉండే మందుల్లో ఇది ఒకటి. కిలోకు కనీసం 6 మిల్లీగ్రాములు అందాలి. 2.5 కిలోల లోపు పిల్లికి 15 మిల్లీగ్రాముల పైపెట్ (ఒకసారికి సరిపడా మందు నింపిన చిన్న గొట్టం), 2.6 నుంచి 7.5 కిలోల వరకు 45 మిల్లీగ్రాముల పైపెట్. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. మన నాటు పిల్లులు చాలావరకు ఈ రెండున్నర కిలోల గీత దగ్గరే ఉంటాయి. సూడికి ముందు 2.3 కిలోలున్నది ఏడో వారానికి 3 కిలోలు దాటుతుంది. పోయినసారి కొన్న చిన్న పైపెట్టే మళ్లీ వేస్తే కిలోకు 5 మిల్లీగ్రాములు కూడా అందవు. వేసే రోజు తూచాలి. ఇంట్లో తూకం మిషన్ ఉంటే పిల్లిని ఎత్తుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి నిలబడి తీసివేయండి. లేదంటే బుట్టలో పెట్టి కిరాణా కొట్టు కాంటా మీద తూచినా చాలు.

సెలమెక్టిన్‌కు ఇంకో లాభం ఉంది. చెవిలో గజ్జి పురుగును, పేగుల్లో ఏలిక పాములను కూడా చూసుకుంటుంది. ఏలిక పాములు తల్లి పాల ద్వారా కూనలకు పోతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. తల్లికి సూడిలోనూ, పాలిచ్చేటప్పుడూ క్రమంగా వేస్తే కూనలకు ఏడు వారాల వయసు దాకా ఫ్లీలు పట్టకుండా సాయపడుతుంది. పిడుదులకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

ఫిప్రోనిల్, ఎస్-మెథోప్రిన్ కలిసినది. ఫ్రంట్‌లైన్ ప్లస్ పేరుతో ఎక్కువమందికి తెలిసింది ఇదే. పిల్లి పైపెట్ అర మిల్లీలీటరు, పెద్ద పిల్లికైనా చిన్న పిల్లికైనా అదే. చర్మం మీది నూనెలో కలిసి ఒకటి రెండు రోజుల్లో ఒళ్లంతా పాకుతుంది, రక్తంలోకి పోయేది బాగా తక్కువ. ఫిప్రోనిల్ పెద్ద ఫ్లీని చంపుతుంది, మెథోప్రిన్ గుడ్లను, పురుగు పిల్లలను ఎదగనివ్వదు. పిడుదులు కూడా ఉన్న పిల్లికి ఇది మంచి ఎంపిక. సూడి, పాలిచ్చే పిల్లులకు దీన్నీ వాడొచ్చు. ఇంట్లో కుందేలు ఉంటే మాత్రం వద్దు, దానికి ఫిప్రోనిల్ విషం.

నైటెన్‌పైరమ్ అనే మాత్ర ఒకటుంది. అరగంటలో ఫ్లీలు రాలడం మొదలవుతుంది, ఒకటి రెండు రోజులకు ప్రభావం పోతుంది. సూడి పిల్లికి ఇవ్వొచ్చు. ఒళ్లంతా పురుగు కమ్మి చిగుళ్లు పాలిపోతున్నప్పుడు దీనికి విలువ ఎక్కువ. రోజువారీ నివారణకు పనికిరాదు.

ఇప్పుడు 'ప్లస్' అనే మాట గురించి. సెలమెక్టిన్ ఒక్కటే ఉన్న రివల్యూషన్ సూడి పిల్లికి సరే. అదే పేరుకు ప్లస్ చేర్చి వచ్చేదాంట్లో సారోలానర్ అదనంగా ఉంటుంది, సూడి పిల్లుల్లో దాని భద్రత తేలలేదని కంపెనీయే రాసింది. ఫ్రంట్‌లైన్‌కు ప్లస్ ఉంటే మంచిది, రివల్యూషన్‌కు ప్లస్ ఉంటే వద్దు. అందుకే పేరు కాదు, మందు చదవమనేది. పిల్లుల కోసం వచ్చే ఫ్లూరలానర్, ఇమిడాక్లోప్రిడ్-మాక్సిడెక్టిన్ జోడీ కూడా సూడిలో భద్రత తేలని జాబితాలోనివే. తేలలేదంటే హాని చేస్తుందని కాదు. తేలినవి చేతిలో ఉండగా వాటి జోలికి పోవాల్సిన అవసరం లేదని.

సూది సంగతి కూడా చెప్పాలి. "ఒక సూది వేసేయండి, అయిపోతుంది" అని అడగడం మనకు అలవాటు. సాధారణంగా అలా వేసేది ఐవర్‌మెక్టిన్. గజ్జి పురుగులకూ కొన్ని నులిపురుగులకూ అది పనిచేస్తుంది. మామూలు మోతాదులో ఫ్లీలను చంపదు. సూడి పిల్లికి పనికిరాని సూది ఎందుకు?

చేను మందు, ఇంటి వైద్యం

పత్తి, మిరప పండించే ఇళ్లలో ఒక ప్రమాదం ప్రత్యేకంగా ఉంటుంది. ఫిప్రోనిల్ అంటే రీజెంట్‌లో ఉన్నదే కదా, ఇమిడాక్లోప్రిడ్ అంటే కాన్ఫిడార్ కదా, ఇంట్లో డబ్బా ఉండగా పైపెట్‌కు అంత డబ్బు ఎందుకు అనిపిస్తుంది. అసలు మందు అదే, నిజమే. కానీ చేను మందు ఆకు కోసం తయారైంది. ఆకుకు అంటుకోవడానికీ, లోపలికి ఇంకడానికీ వేసిన ద్రావకాలు వేరు, గాఢత వేరు. నాలుగు చుక్కలు నీళ్లలో కలిపితే కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు పడిందో ఎవరూ చెప్పలేరు. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివైతే లెక్కలతో పనే లేదు, పిల్లికి నేరుగా విషం. మందు కొట్టి వచ్చిన చొక్కా, పంపు, ఖాళీ డబ్బా పిల్లి పడుకునే మూలకు దూరంగా పెట్టాలి.

పశువుల పిడుదులకు వాడే బ్యూటాక్స్‌లో ఉన్నది డెల్టామెత్రిన్, పెర్మెత్రిన్ కుటుంబమే. కుక్కలకు స్నానం చేయించే అమిట్రాజ్ కూడా పిల్లికి పడదు. కుక్కల పిడుదుల పౌడర్లదీ అదే కథ, కొన్నింట్లో ప్రొపాక్సర్ ఉంటుంది. కుక్క పైపెట్‌ను సగం చేసి పిల్లికి వేయడం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు. ఇంట్లో కుక్కకు పెర్మెత్రిన్ ఉన్న మందు వేస్తే, పిల్లిని మూడు రోజులు దాని పక్కన పడుకోనివ్వకండి.

వేపనూనె సహజమైనదే, కానీ పిల్లి దాన్ని నాకుతుంది. చొంగ, వాంతులు, వణుకు రావచ్చు. పైగా ఎలుకల మీద చేసిన పరీక్షల్లో వేపనూనె గర్భాన్ని నిలవనివ్వదని తేలింది. సూడి పిల్లికి రాయాల్సిన వస్తువు కాదు. కర్పూరం, కలరా ఉండలు, ఫినాయిల్, గ్యాస్‌నూనె ఏవీ వద్దు. వెల్లుల్లి తినిపిస్తే ఎర్ర రక్తకణాలు పగులుతాయి, ఇప్పటికే రక్తం పోతున్న పిల్లికి అది ఇంకో దెబ్బ. పసుపు హాని చేయదు, లాభమూ లేదు. బొచ్చు పచ్చబడుతుంది.

వేసే పద్ధతి

మందు వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. పిల్లి తిని మగతగా ఉన్నప్పుడు చూసి, తల కింద, భుజం ఎముకలకు ముందు, నాలుక అందని చోట వెంట్రుకలు పాయ తీయండి. చర్మం తెల్లగా కనపడాలి. పైపెట్ మొన చర్మానికి ఆనించి మొత్తం ఒకే చోట పిండండి. బొచ్చు మీద పోస్తే సగం మందు బొచ్చుకే. బోర్లా తిప్పడం, పొట్ట మీద ఒత్తడం చేయకుండా, కూర్చున్న పిల్లికి కూర్చున్నట్టే వేయాలి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే ఆరే దాకా విడిగా ఉంచండి, ఒకదాన్నొకటి నాకుతాయి. పొరపాటున నాకితే నోట్లోంచి నురగ తన్నుకొస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అది చేదు వల్ల, కాసేపటికి తగ్గుతుంది. నీళ్లు పెట్టి వదిలేయండి.

ఎప్పుడు వేయాలన్నది డాక్టర్‌తో తేల్చుకోవాల్సిన విషయం. పురుగు కొద్దిగా ఉండి సూడి మొదటి వారాల్లోనే ఉంటే దువ్వెన, ఇంటి శుభ్రంతో కొన్నాళ్లు నడపొచ్చు. అయిదో వారం తర్వాత ఆలస్యం చేయకూడదు, కూనలు నేల మీద పడే నాటికి పక్క శుభ్రంగా ఉండాలి. మామునూరు, కోరుట్ల వెటర్నరీ కాలేజీలకు దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడ చూపించుకోవచ్చు. మిగతావాళ్లు పిల్లులు చూసే అలవాటున్న డాక్టర్‌ను అడిగి వెళ్లండి.

దువ్వెన పని మందు కన్నా తక్కువది కాదు. మనుషుల తల పేల కోసం అమ్మే దగ్గర పళ్ల దువ్వెన చాలు. చెంబు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు వేసి పక్కన పెట్టుకోండి. ఉత్త నీళ్లలో ఫ్లీ తేలి మళ్లీ దూకుతుంది, సబ్బు నీళ్లలో మునిగిపోతుంది. మెడ, తోక మొదలు, తొడల వెనక దువ్వి, ప్రతి దువ్వుకూ నీళ్లలో ముంచండి. పూటకు పది నిమిషాలు, రెండు పూటలా. గోటితో నలపకండి. నిండు సూడిలో స్నానం ఆలోచన పెట్టుకోవద్దు, చలికీ బెదురుకూ తల్లి తట్టుకోలేదు.

ఇల్లు

మొదటి రోజు పిల్లి పడుకునే గుడ్డలన్నీ సలసల కాగే నీళ్లలో నానేసి ఉతికి, మధ్యాహ్నం ఎండలో వేయండి. వానాకాలం ఎండ లేకపోతే ఇస్త్రీ పెట్టె వేడి కూడా పనికొస్తుంది. బొంత, గోనె సంచి, కొబ్బరి పీచు చాప పిల్లికి అందకుండా తీసేయండి. వాటి లోపలి పురుగును ఎవరూ తీయలేరు.

ఆ తర్వాత మూడు వారాలు రోజూ ఊడ్వాలి. నడవ కాదు, మూలలు: బీరువా వెనక, దివాన్ కింద, కూలర్ స్టాండ్ కింద, గుమ్మం పక్క. ఊడ్చిన దుమ్మును వాకిట్లో పోస్తే మళ్లీ లోపలికే వస్తుంది. సబ్బు నీళ్ల బకెట్‌లో వేసి పారబోయండి. షాబాద్ బండల ఇల్లయితే బండల మధ్య సందుల్లో వేడినీళ్లు పోసి తుడిచి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిల్చితే పురుగుకు మేలు చేసినట్టే. మట్టి నేలైతే పగుళ్లు పూడ్చి అలికి, ఎండేదాకా తలుపులు తెరిచి ఉంచాలి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా మంచిది. అది పీల్చేది ఒక ఎత్తు, దాని అదురుకు గూళ్లలోని ఫ్లీలు బయటికి వచ్చేయడం ఇంకో ఎత్తు. బయటికి వచ్చినవే మందుకు చిక్కుతాయి.

ఇంట్లో స్ప్రే కొట్టించాలనుకుంటే మెథోప్రిన్ గానీ పైరిప్రాక్సిఫెన్ గానీ ఉన్నదే అడగండి. దోమలకూ బొద్దింకలకూ వాడే స్ప్రేలు, సుద్దలు ఎక్కువగా పెర్మెత్రిన్ కుటుంబానివి. ఏది కొట్టించినా పిల్లిని, దాని గిన్నెలను వేరే చోటికి మార్చి, నేల ఆరి, గదికి బాగా గాలి తగిలాకే తేవాలి. ఇదంతా ఏడో వారం లోపు. చివరి రెండు వారాల్లో సూడి పిల్లిని చోటు మార్చితే అది బెదిరి ఇంకెక్కడో ఈనుతుంది. అప్పటికి ఆలస్యమైతే స్ప్రే మానేసి చీపురుతోనే నడపండి.

ఈనడానికి అట్టపెట్టె పెట్టండి. లోపల పాత నూలు చీర ముక్కలు, తెల్లవైతే ఇంకా మేలు, నల్లపొడి ఇట్టే కనపడుతుంది. రెండు రోజులకోసారి ముక్క మార్చి పాతది మరిగించండి. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. తిప్పిన ప్రతి ఇల్లూ గుడ్లు రాలిన ఇల్లే, అన్నీ ఊడ్వాలి.

మందు వేసిన రెండు రోజులకు పిల్లి మీద పురుగు తగ్గుతుంది. వారం తర్వాత మళ్లీ నాలుగు కనపడతాయి. గూళ్లలోంచి కొత్తగా దిగినవి అవి. పిల్లి మీదికెక్కి మందు తగిలి ఒకటి రెండు రోజుల్లో చస్తాయి. ఈ వరస నాలుగు నుంచి ఎనిమిది వారాలు సాగొచ్చు. 30 రోజులు కాకుండా రెండో పైపెట్ వేయవద్దు.

తేడా చేస్తే

ఎవరో తెలియక కుక్క మందో, పౌడరో వేశారనుకోండి. చెవులు, ముఖం అదరడం, చొంగ, వణుకు, తూలడం, తర్వాత ఫిట్స్. కొన్ని గంటల్లో మొదలుకావచ్చు, కొన్నిసార్లు ఆలస్యంగానూ. గిన్నెల సబ్బు, గోరువెచ్చటి నీళ్లతో ఆ చోటు కడిగి, తుడిచి, తువ్వాలులో చుట్టి దవాఖానకు తీసుకెళ్లండి. నిండు సూడైనా సరే, ఈ ఒక్క సందర్భంలో కడగక తప్పదు. వాంతి చేయించవద్దు, నోట్లో ఏమీ పోయవద్దు. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి చేను మందైతే కంటిపాప సూదిమొనంత కుంచించుకుపోయి, చొంగా విరేచనాలూ ఉంటాయి. దానికి విరుగుడు అట్రోపిన్. పెర్మెత్రిన్‌కు వైద్యం వేరు. డబ్బా చూపించకపోతే డాక్టర్‌కు రెండూ ఊహించుకోవాల్సిన పని పడుతుంది.

పిల్లి మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే అది బద్దె పురుగు. ఫ్లీని మింగడం వల్ల వస్తుంది. ప్రాజిక్వాంటెల్‌ను డాక్టర్ తూకానికి ఇస్తారు. ఇంట్లో పిల్లలకని తెచ్చిన ఆల్బెండజోల్ మాత్ర సూడి పిల్లికి వేయవద్దు, కడుపులో పిల్లలు వంకరతో పుట్టొచ్చు.

కూనలు, వీధి పిల్లి

8 వారాల లోపు కూనల మీద ఏ పైపెట్టూ వేయవద్దు. దువ్వెన, చిమ్టా, వేళ్లు, ఇవే ఆయుధాలు. కూనను గోరువెచ్చటి గుడ్డ మీద పెట్టుకుని అయిదు నిమిషాల్లో ముగించి తల్లికి ఇచ్చేయాలి, మొదటి మూడు వారాలు వాటికి సొంతంగా వేడి నిలుపుకునే శక్తి లేదు. చిగుళ్లు తెల్లబారితే, పాలు తాగడం మానితే అదే రోజు దవాఖానకు. అసలు మందు తల్లికి పడాలి. ఈనిన తర్వాత వేయాల్సి వస్తే పాలు తాగించి బయటికి వచ్చిన సమయం చూసి మెడ వెనక వేయండి, ఆరాక లోపలికి వెళ్తుంది.

మన ఇళ్లలో సగం పిల్లులు మనవి కావు. గిన్నెలో పాలు తాగి పోతాయి, ఒకరోజు అటక మీద పిల్లల అరుపు వినపడుతుంది. చేతికి చిక్కని పిల్లిని పట్టి మందు వేయబోతే గీరుతుంది, గూడు వదిలేస్తుంది. దాన్ని పట్టకండి. గోనె సంచి బదులు నూలు గుడ్డలున్న అట్టపెట్టె అటక మీదే పెట్టండి, తల్లి తిండికి దిగినప్పుడు గుడ్డ మార్చండి. రోజూ ఒకే చోట, ఒకే వేళకు తిండి పెడితే రెండు మూడు వారాల్లో తినేటప్పుడు మెడ ముట్టుకోనిచ్చే పిల్లులు చాలానే ఉంటాయి. అప్పుడు పైపెట్ పిండటానికి అయిదు సెకన్లు చాలు.

పాలిస్తుండగానే పిల్లి మళ్లీ ఎదకు రావచ్చు. కూనలకు 8 వారాలు నిండి తొలి పైపెట్ కోసం తీసుకెళ్లిన రోజే, తల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు తేదీ కూడా అడగండి.